చావింట్లో మైకు ఎవరి చేతిలో ఉంది?

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తెల్లవారుజామున ఘంటసాల గొంతు వినపడితే ఎవరూ భక్తిగా కళ్లకద్దుకోరు. "ఎవరు పోయారు?" అని అడుగుతారు. పాలకేంద్రం దగ్గర, పంపు దగ్గర, మిరపకోతకు బయల్దేరే ఆటోలో అదే ప్రశ్న. భగవద్గీత మాకు మతగ్రంథం కన్నా ముందు చావుకబురు. ఎవరైనా ముచ్చటపడి మామూలు రోజున ఇంట్లో ఆ కేసెట్ పెడితే "శుభమా అని ఇంట్లో ఉంటే అదేంటే, ఆపు" అని కసిరే అమ్మమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ అమ్మమ్మే పోయినప్పుడు మాత్రం ఆమె ఆపమన్న దాన్నే రెండు రోజులపాటు ఆమె తల దగ్గర మోగిస్తారు.

ఈ ఏర్పాటు ఎవరు చేశారు? పోయిన మనిషి కోరిందా? ఆమె పక్కన కూర్చుని ఏడ్చే ఆడవాళ్లను ఎవరైనా అడిగారా? ఇది చిన్న విషయమనీ, శవం ముందు పెట్టుకుని పాటల గొడవేమిటనీ అనేవాళ్లున్నారు. ఆ మాట అనేవాళ్లు ఎప్పుడూ మైకు చేతిలో ఉన్నవాళ్లే కావడం గమనించాను. చావింట్లో ఏ శబ్దం ఉండాలో, ఏది ఉండకూడదో తేల్చేవాళ్లే ఆ ఇంట్లో ఏ మాట నిలవాలో కూడా తేలుస్తారు. అందుకే ఈ గొడవ చిన్నది కాదంటాను.

ముందుగా ఒక సంగతి. నాకు ఘంటసాల మీద కోపం లేదు. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయారు. పోవడానికి కొంతకాలం ముందు, ఆరోగ్యం బాగాలేని రోజుల్లో, వందకు పైగా శ్లోకాలను తాత్పర్యంతో రికార్డు చేశారు. ఆయన పోయాక అది బయటికొచ్చింది. అలసిన ఆ గొంతులో ఉన్న నిబ్బరానికి నేనూ కదిలిపోతాను. కానీ "మన పద్ధతి, తాతల నాటి ఆచారం" అని మీసాలు మెలేసేవాళ్లు కాస్త లెక్క చూసుకోవాలి. మా తాతమ్మలు పోయినప్పుడు గీత రికార్డు లేదు, అది వినిపించే మైకుసెట్టూ లేదు. ఒక గ్రామఫోను కంపెనీ రికార్డూ, టెంటుహౌసు వాళ్ల లౌడుస్పీకరూ కలిసి తయారుచేసిన ఆచారమిది. వయసు యాభై ఏళ్ల పైచిలుకు. ఆచారం పుట్టడం మన కళ్లముందే చూశాం గనక దాన్ని మార్చడం కూడా చూడగలం.

సాహిత్యం చదువుకున్నదాన్ని గనక నన్ను ఇంకొకటి వేధిస్తుంది. గీత ఎక్కడుంది? భీష్మపర్వంలో. ఇంకా ఒక్క బాణం పడలేదు, ఒక్క ఆడది విధవ కాలేదు. చంపడానికి చేతులాడని ఒక మగవాడికి మరో మగవాడు ధైర్యం చెప్పే ఘట్టమది. చావు తర్వాతి పర్వం వేరే ఉంది. దాని పేరే స్త్రీపర్వం. అక్కడ గాంధారి యుద్ధభూమిలో నడుస్తూ ఒక్కొక్క శవాన్నీ కృష్ణుడికి చూపిస్తుంది. వీడు ఫలానావాడు, వీణ్ణి ఫలానావాడు ఇలా చంపాడు, అదుగో వీడి పెళ్లాం, అదుగో తల్లి. భూరిశ్రవుడి భార్యలు తెగిపడిన అతని చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తారు. అతను వేరొకరితో పోరుతుండగా ఆ చేతిని నరికింది అర్జునుడని ఆ ఏడుపులోనే బయటపడుతుంది. చివరికి గాంధారి కృష్ణుణ్ణే నిలదీస్తుంది, ఆపగలిగీ ఆపలేదని శపిస్తుంది. మన తిక్కన గీత మొత్తాన్ని కొద్ది పద్యాల్లో ముగించి, స్త్రీపర్వానికి రెండాశ్వాసాలు ఇచ్చాడు. పదమూడో శతాబ్దపు కవికి తెలిసిన పాళ్లు మన టెంటుహౌసులకు తెలియలేదు. ఏడవకూడదని మగవాడికి యుద్ధానికి ముందు చెప్పిన మాటల్ని, యుద్ధం అయిపోయాక ఏడుస్తున్న ఆడవాళ్ల చెవుల్లో పోస్తున్నాం.

మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆమెది చిలకలూరిపేటకూ అద్దంకికీ మధ్య ఒక ఊరు. పద్నాలుగో ఏట పెళ్లి. రెండెకరాల సొంతం, మూడెకరాల కౌలు. పత్తి, మిరప, మధ్యలో కొన్నేళ్లు పొగాకు. బడికి రెండో తరగతి దాకా వెళ్లింది. పాటకు మాత్రం జీవితమంతా వెళ్లింది. ఆమెకు పాటలు మొదట టూరింగు టాకీసులో పరిచయం, తర్వాత రేడియోలో. మధ్యాహ్నం కూలీలకు అన్నం తీసుకెళ్లేలోపు రేడియో సిలోను, మీనాక్షి పొన్నుదురై గొంతు. సాయంత్రం విజయవాడ కేంద్రం. చేలో ట్రాన్సిస్టరు గట్టుమీద పెట్టి, ఎండ తగలకుండా దానిమీద తడిగుడ్డ కప్పేది, పసిబిడ్డకు కప్పినట్టు. పత్తి తీసేటప్పుడు ఆమె వరసలో ఉండడానికి కూలీలు పోటీ పడేవారు, ఎందుకంటే ఆ వరసలో రేడియోతోపాటు ఆమె పాట కూడా ఉండేది.

ఆమె దేవత భానుమతి. ఒంగోలు దగ్గర దొడ్డవరం మనిషి గనక "మా పిల్ల" అనేది. తనకన్నా పాతికేళ్లు పెద్దావిడ పిల్ల ఎలా అయిందో అడగకూడదు. "మల్లీశ్వరి" 1951 నాటిది, పెద్దమ్మ చూసింది ఎప్పుడో పెళ్లయ్యాక, తిరిగి ఆడినప్పుడు. అందులో భానుమతి ఒంటరిగా పాడుకునే పాటంటే ప్రాణం. మిగతా హీరోయిన్లు వేరొకరి గొంతుకు పెదాలు కదుపుతారనీ, భానుమతి తన పాట తనే పాడుకుంటుందనీ ఆమె గొప్పగా చెప్పేది. "ఎవురి పాట ఆళ్లు పాడుకోవాలే" అనేది. రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టిన జానకి కూడా ఆమెకు బంధువు కిందే లెక్క. తర్వాత కేసెట్లు వచ్చాయి, నరసరావుపేటలో ఒక కొట్టువాడి చేత తనకు కావలసిన పాటలే వరసగా ఎక్కించుకునేది. ఆ వరస మార్చితే ఒప్పుకునేది కాదు. ఆ పైన సెల్‌ఫోను, మెమరీకార్డు. చివరి పదేళ్లూ మా అక్క, అంటే ఆమె కూతురు, ఆ కార్డు నింపుతూ వచ్చింది. కోతకాలంలో ఫోను రవికెలో దోపుకుని పాట వింటూ కాయ కోసే ఆడవాళ్లకు పెద్దమ్మ ఫోనులోంచి పాటలు తమ ఫోనుల్లోకి పంపించుకోవడం ఒక పని. కర్నూలు వైపు నుంచి కోతలకు వలస వచ్చి డేరాల్లో ఉండే ఆడవాళ్లు తమ పాటలు ఆమెకిచ్చి ఆమెవి తీసుకెళ్లేవారు. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే మనకు అదేమీ కొత్త వ్యవహారం కాదు. కాకపోతే మనం దాన్ని సాహిత్య సంస్కృతి అంటాం, వాళ్లదాన్ని కాలక్షేపం అంటాం.

తన చావుకు ఏ పాట కావాలో కూడా ఆమె చెప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు, నవ్వుతూ. కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీస్తూ, "నేను పోయాక ఆ గీత మాత్రం పెట్టబాకండే. అది విన్నప్పుడల్లా నాకు ఎవురో పోయారనే దిగులు. నేను పోయానని నాకే దిగులేస్తది. మా భానుమతిని పెట్టండి" అంది. అక్కకూ నాకూ, అక్కడున్న పదిమంది ఆడవాళ్లకూ తెలుసు. ఎనిమిది పాటల జాబితా అక్క నోటు పుస్తకంలో ఉంది.

2023 ఫిబ్రవరిలో ఆమె పోయింది. అంతకు ముందు సంవత్సరమే నల్ల తామరపురుగు మా వైపు మిరపతోటల్ని ఊడ్చేసి వెళ్లింది, ఆ అప్పు ఇంకా తీరలేదు. చిన్నన్నయ్య డాలస్ నుంచి రావాలి గనక ఫ్రీజరు పెట్టె తెప్పించారు. మైకుసెట్టు కుర్రాడు మోటారుసైకిలు మీద వచ్చి పందిరి గుంజకు స్పీకర్లు కట్టి, ఎవరూ చెప్పకుండానే, ఎవర్నీ అడగకుండానే గీత పెట్టాడు. అక్క లేచి వెళ్లి మెమరీకార్డు ఇచ్చి, ఇవి పెట్టు నాయనా అంది. వాడు అక్కను చూడలేదు, పెద్దన్నయ్య వైపు చూశాడు. వాడి తప్పు కాదు, డబ్బులిచ్చేది ఎవరో వాడికి తెలుసు.

"చావింట్లో సినిమా పాటలా? నలుగురూ నవ్విపోతారు" అన్నాడు పెద్దన్నయ్య. "అమ్మ చెప్పింది అన్నయ్యా" అంది అక్క. "అమ్మ సవాలక్ష చెప్పుద్ది. పద్ధతంటూ ఒకటుంది గదా" అని మా బాబాయి అందుకున్నాడు.

నలుగురూ నవ్వుతారన్నదాన్ని నేను నమ్మలేదు. ఎందుకంటే మర్నాడు శవయాత్రలో ఆ నలుగురే బ్యాండుమేళం పిలిపించారు. ఆ బ్యాండు వాయించినవన్నీ సినిమా పాటలే. "దేవదాసు" దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోయాయి. వయసు నిండిన మనిషి గనక సాగనంపాలన్నారు, కుర్రాళ్లు తాగి బజారంతా చిందులేశారు, టపాకాయలు పేల్చారు. ఎవరూ నవ్వలేదు. అంటే సినిమా పాటతో పేచీ లేదు. ఆడవాళ్లు ఎంచిన సినిమా పాటతోనే పేచీ. రోడ్డుమీద మగవాళ్లు కోరి ఆడితే సంబరం, ఇంట్లో ఆడవాళ్లు కోరి వింటే అప్రతిష్ఠ. పైగా గీత పాడిన ఆ గాయకుడు జీవితమంతా పాడింది సినిమా పాటలేనని ఆ పందిట్లో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఇంతవరకైతే అభిరుచుల తగాదా అని సరిపెట్టుకోవచ్చు. మధ్యాహ్నం జరిగింది వేరు.

మా వైపు ఆడవాళ్లు శవం దగ్గర రాగం తీసి ఏడుస్తారు. చదువుకున్నవాళ్లకు ఇది నాటకంలా కనిపిస్తుంది. వినే ఓపిక ఉన్నవాళ్లకు తెలుస్తుంది, అందులో ఒక వరస ఉంటుంది, లెక్క ఉంటుంది. పోయిన మనిషిని పిలవడంతో మొదలై ఆమె పడిన పాట్లు, పెట్టినవాళ్లెవరు, పెట్టనివాళ్లెవరు, మాటిచ్చి తప్పిందెవరు, ఆసుపత్రికి డబ్బు సర్దిందెవరు, ఇవన్నీ ఆ రాగంలో వస్తాయి. అక్క ఏడుస్తూ తల్లిని అడుగుతోంది: పసుపు కుంకుమ కింద నాకిస్తానన్న ఎకరం ఏమైందమ్మా, నీ వేలిముద్ర ఎప్పుడు తీసుకున్నారమ్మా, ఆసుపత్రిలో ఉన్నప్పుడా, ఇంటికొచ్చాకా, నీ బిడ్డ ఆ చేలోనే కౌలు కట్టి పండిస్తందమ్మా. పందిట్లో కబుర్లు ఆగిపోయాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు రాగం అందుకున్నారు. అప్పుడు పెద్దన్నయ్య మైకు కుర్రాడితో అన్న మాట నేను రెండడుగుల దూరం నుంచి విన్నాను. "ఒరే, కొంచెం సౌండు పెంచరా."

వాడు పెంచాడు. ఆ తర్వాత అక్క పెదాలు కదలడం కనపడింది, మాట వినపడలేదు. వినపడిందల్లా ఆత్మకు చావు లేదన్న సంగతి.

చట్టం ఏం చెబుతుందో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమానవాటా మన రాష్ట్రం 1985 సెప్టెంబరు నుంచే ఇచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. మా అక్క చెబుతున్నది ఆ లెక్కలోకీ రాదు, అది తల్లి తన పేరున ఉన్న భూమి మీద ఇచ్చిన మాట. దానికి కాగితం లేదు. కల్లంలో విన్న ఆడవాళ్లే సాక్ష్యం. మా ఊళ్లో ఆడపిల్ల పుట్టింటి ఆస్తి గురించి పదిమంది ఎదుట నోరెత్తితే గయ్యాళి. కోర్టుకెళ్తే కొంపలార్పింది. ఒక్కచోట మాత్రం ఎవరూ ఆమెను నోర్మూసుకోమనలేరు, తల్లి శవం దగ్గర. అక్కడ ఏడుపు ఆమె హక్కు. ఆ ఏడుపులోనే వాంగ్మూలం ఇవ్వగలదు, ఊరంతా సాక్షి. నోర్మూసుకో అనకుండానే నోరు మూయించే సాధనం లౌడుస్పీకరు. పైగా పుణ్యం కూడా.

ఇది మా ఇంటి కథే అయితే రాసేదాన్ని కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతులు పురుగుమందు తాగి పోయారు. కొట్టినకొద్దీ లొంగని పురుగు, కొన్నకొద్దీ పెరిగిన అప్పు. నా పరిశోధన కోసం ఆ ఇళ్లలో కొన్నిటికి వెళ్లాను. ఆ భార్యలు ఇప్పుడు ముసలివాళ్లు. మొగుడి శవం దగ్గర తాము ఏమని ఏడ్చారో వాళ్లకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఏ కొట్లో ఎన్ని డబ్బాలు అరువు తెచ్చాడు, వడ్డీ ఎంత, మందు పనిచెయ్యలేదని అడగబోతే కొట్టువాడు ఏమన్నాడు, ముందురోజు రాత్రి ఎవరు ఇంటిమీదికొచ్చి ఏం తిట్టారు, అంతా ఆ రాగంలో ఉంది. పోలీసు కాగితంలో మాత్రం "కడుపునొప్పి భరించలేక" అని ఉంది. 2004లో జీవో 421 వచ్చింది, కుటుంబానికి లక్ష, అప్పుల పరిష్కారానికి యాభై వేలు. తర్వాత ఆ మొత్తాలు పెంచుతూ వేరే జీవోలు వచ్చాయి. వాటన్నిటికీ కావలసింది రుజువు. పాసుపుస్తకం, అప్పు పత్రం, పంచనామా. కౌలురైతు భార్య దగ్గర ఇవేవీ ఉండవు. ఆమె దగ్గర ఉన్న ఏకైక రికార్డు ఆమె ఏడుపు. అదే మైకు మోతలో పోతోంది. ఆ మోతలో ఏముంది? పని చెయ్యి, ఫలం నీది కాదు. పండించిన పత్తికి ధర రాక చచ్చినవాడి పెళ్లానికి ఆ మాట వినిపించడంలోని క్రౌర్యం వినిపిస్తున్నవాళ్లకు తట్టకపోవడం నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆడవాళ్ల ఏడుపుకు భయపడ్డది మన మగవాళ్లొక్కరే కాదు. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో ఏథెన్సుకు చట్టాలు చేసిన సోలోను చావు ఊరేగింపుల్లో ఆడవాళ్లు రక్కుకుంటూ, పదాలు కట్టి ఏడవడాన్ని నిషేధించాడని ప్లూటార్కు రాశాడు. ఐర్లండులో రాగం తీసి ఏడ్చే ఆడవాళ్లను చర్చి తరతరాలుగా అణిచింది. అయినా 1773లో కాల్పుల్లో చచ్చిన భర్త కోసం ఐలీన్ నీ కోనెల్ అనే ఆమె ఏడ్చిన ఏడుపు నోటినుంచి నోటికి బతికి, ఇవాళ ఆ భాషలో గొప్ప కావ్యంగా నిలిచింది. అందులోనూ శత్రువు పేరుంది. ఏడుపు ఎక్కడైనా ఊరికే కన్నీళ్లు కాదు, పేర్లు చెప్పడం. "ఏడ్చే మగవాణ్ణి, నవ్వే ఆడదాన్ని నమ్మకూడదు" అని మనకో సామెత ఉంది గదా. దాని ప్రకారం ఏడ్చే ఆడదాన్ని నమ్మాలి మరి. నమ్మరు. రాగం తీసిందంటే అబద్ధమే అంటారు.

స్మశానం దాకా ఆడవాళ్లు రాకూడదు, అది తెలిసిందే. మా ఊళ్లో పొలిమేర దగ్గర ఆపేస్తారు. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, ప్రాణం ఇంకా ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పెద్దమ్మను మగవాళ్లే పిలిచారు. ఆమె ఏ పిలుపుకు పలికేదో, ఎవరి గొంతుకు లేచి కూర్చునేదో ఆ పిలిచినవాళ్లకన్నా అక్కకు బాగా తెలుసు. ఇదే ఊరు తిరణాలకు తెల్లవార్లూ కూర్చుని హరిశ్చంద్ర నాటకం చూస్తుంది. బలిజేపల్లి వారి ఆ నాటకంలో చంద్రమతి చచ్చిన కొడుకును తన చేతులతో మోసుకుని కాటికి వస్తుంది. ఒంటరిగా, నడిరేయి. ఏ పొలిమేరా ఆమెను ఆపదు. కాటిసీనులో జాషువ పద్యాలకు వన్సుమోరులు పడతాయి. బతికున్నప్పుడు వినుకొండ జాషువను దూరం పెట్టిన ఊళ్లు ఆయన స్మశాన పద్యాలకు చప్పట్లు కొడతాయి. ఒకప్పుడు చంద్రమతి వేషం కూడా మగవాళ్లే కట్టేవారు. ఆడదాని ఏడుపును మగవాడు ఏడిస్తే కళ, ఆడది ఏడిస్తే గోల.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోలేను. నా మిత్రురాలొకామె, ఒంగోలు దగ్గరి మాదిగపల్లె నుంచి వచ్చి చదువుకున్నది, ఈ వ్యాసం చిత్తుప్రతి విని, "మీకు ఏడుపు హక్కు. మా అమ్మమ్మలకు అది వెట్టి" అంది. ఊళ్లో ఆసామి పోతే పల్లె ఆడవాళ్లు వచ్చి గుండెలు బాదుకోవాలి, మగవాళ్లు డప్పు కొట్టాలి. రాకపోతే కూలీ బందు. తమ ఇంట్లో చావు జరిగినా అక్కడికి పోవలసిన రోజులుండేవి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు, వాళ్లు వదిలిపెట్టాలనుకున్నవాటిలో ఊరి జాతరల్లో డప్పు కొట్టే వెట్టి కూడా ఉంది. డప్పు మానేసిన ఆ ఇళ్లలో చావుకు పాట ఏది? కీర్తనల పుస్తకం వచ్చింది. పురుషోత్తమ చౌదరి వంటివాళ్లు కట్టిన కీర్తనలు, మన రాగాల్లోనే. ఆమె చెప్పిన ఒక వివరం నాకు అసూయ పుట్టించింది. వాళ్ల పల్లెలో ఆడవాళ్లు సమాధి దాకా వెళ్తారు, అక్కడ నిలబడి పాడతారు. మంచంలో ఉన్న ముసలావిడ తనకు ఏ కీర్తన పాడాలో నంబరు చెప్పి పోతుంది, పాడతారు. అంతమాత్రాన అక్కడ పితృస్వామ్యం లేదని ఆమె అనలేదు. పాస్టరుగారి ప్రసంగం నలభై నిమిషాలట, గట్టిగా రాగం తీస్తే నిరీక్షణ లేనివాళ్లలా ఏడవకండని మందలిస్తారట. మందలింపు అన్ని మతాల్లోనూ ఒకటే. కానీ కోరిన పాట దొరకడం ఊళ్లోకన్నా పల్లెలో ముందే జరిగింది. కాబట్టి "పాత ఏడుపుల్ని కాపాడుకుందాం" అని నేను అనడం లేదు. ఎవరి ఏడుపు వాళ్లది కావాలి. ఏడవకుండా ఉండే హక్కు కూడా అందులో భాగమే.

మరో అభ్యంతరం మనలోంచే వచ్చింది. భానుమతి పాట అయితే మాత్రం ఏముంది, అదీ ప్రియుడి కోసం నిరీక్షణే గదా, పితృస్వామిక ప్రేమభావన గదా అని ఒక స్త్రీవాద మిత్రురాలు అంది. ఉద్యమ గీతం ఏదైనా పెట్టించాల్సింది అని సలహా కూడా ఇచ్చింది. నాకు ఒళ్లు మండింది. మా పెద్దమ్మకు ఆ ఉద్యమ గీతం తెలియదు. గీతను ఎవరో ఆమె మీద రుద్దారు, దీన్ని మనం రుద్దుదామా? పద్నాలుగో ఏట ముక్కూమొహం తెలియని మనిషి ఇంటికొచ్చి, అరవై ఏళ్లు అతని పొలం దున్నిన ఆడది, వెన్నెల్లో ఒంటరిగా కూర్చుని తన కోసం తను పాడుకునే ఇంకొక ఆడదాన్ని తెరమీద చూసి ఏం తీసుకుందో మన సిద్ధాంతం ఇంకా కనిపెట్టలేదు. శవాలకు కూడా పరీక్ష పెట్టకండి. మన వాళ్లు పోయినప్పుడు మనం చేసేదీ అంత గొప్పగా ఏమీ లేదు. రచయిత్రి పోతే సంస్మరణ సభ పెడతాం, ముగ్గురు సంపాదకులూ ఇద్దరు ఆచార్యులూ, ఎక్కువగా మగవాళ్లు, ఆమెకు తాము ఎలా దారి చూపారో చెబుతారు. ఆమెకు ఏ పాట ఇష్టమో ఆ వేదిక మీద ఎవరికీ తెలిసి ఉండదు.

మా విద్యారంగానిదీ వాటా ఉంది. స్త్రీల పాటలంటే మన సంకలనాల్లో జోలపాటలు, పెళ్లిపాటలు, అప్పగింతలు, దంపుళ్లు, ఊర్మిళాదేవి నిద్ర వంటి రామాయణపు పాటలు వస్తాయి. ఏడుపు అరుదు. కారణం చెప్పడం తేలికే. చావు లేకుండా ఏడుపు పాడమంటే ఎవరూ పాడరు, అపశకునం. చావింటికి టేపురికార్డరుతో వెళ్లడం అసభ్యం. నేను కూడా అక్క ఏడుపును రికార్డు చెయ్యలేదు, చెయ్యను. అది నా వ్యాసానికి ముడిసరుకు కాదు, అక్క వాంగ్మూలం. అది వినవలసినవాళ్లు ఆ పందిట్లోనే ఉన్నారు.

గీత కావాలని కోరిన ఆడవాళ్లూ ఉన్నారు. మా వీధిలోనే ఒక మామ్మ మనవడి చేత ఒట్టు వేయించుకుంది, ఘంటసాల గొంతు తప్ప ఇంకేదీ పెట్టవద్దని. ఆమెకు అదే పెట్టారు, బాగుంది. డాలస్‌లో మా చిన్నన్నయ్య స్నేహితుడి తల్లి పోయినప్పుడు అక్కడి ఫ్యూనరల్ హోములో ఆమె ఫొటోల వెనక ఆమెకిష్టమైన సినిమా పాటలు వేశారు. కూతురు ఎంచిందట. ఆ వీడియో చిన్నన్నయ్యే నాకు చూపించి, ఎంత బాగా చేశారో అన్నాడు. మీ అమ్మకు ఎందుకు చెయ్యలేదు అంటే, "ఇది అమెరికా కాదు కదే" అన్నాడు. మనూళ్లో పద్ధతి మారకూడదు, తాను మాత్రం ఏడాదికోసారి వచ్చి దాన్ని చూసి వెళ్లాలి.

అక్క ఇప్పుడు ఆ ఎకరం కోసం చిలకలూరిపేటలో వకీలును కలిసింది. కల్లంలో ఆ మాట విన్న పదిమందిలో నలుగురు సాక్ష్యం చెబుతామన్నారు. వాళ్లలో ఇద్దరు ఆ అన్నయ్య పొలంలోనే కూలికి పోయేవాళ్లు. ఈ ఏడు వాళ్లను కోతకు పిలవలేదు.

మా అమ్మను అడిగాను, నీకేం కావాలి అని. ముందు తిట్టింది. రెండ్రోజులాగి తనే వచ్చి మూడు పాటలు చెప్పింది. రెండు సుశీలవి. మూడోది నాకు అస్సలు నచ్చని ఒక భక్తిపాట, అది తీసేస్తానంటే ఒప్పుకోలేదు. కాగితం మీద రాసుకోమంది, తేదీ వెయ్యమంది, సంతకం పెట్టింది. పెట్టాక, "మీ అక్కో, నువ్వో, ఎవరైనా ఏడవడం మొదలుపెడితే మాత్రం అది కట్టేయించు. తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు" అంది.